డిప్లొమా ల్యాబ్‌లో చిన్న స్మార్ట్ ఫ్యాక్టరీ లైన్: ప్రతి స్టేషన్‌కీ యూహెచ్‌ఎఫ్ ఆర్‌ఎఫ్‌ఐడీ అవసరమా?

అడిగినవారు: మెకానికల్ లెక్చరర్, చిత్తూరు

అందరికీ నమస్కారం. నేను చిత్తూరు దగ్గర ఒక పాలిటెక్నిక్‌లో మెకానికల్ చెబుతాను. ఈ ఏడాది మా ల్యాబ్‌కి చిన్న కన్వేయర్ లైన్ ఒకటి వచ్చింది. నాలుగు స్టేషన్లు: ఖాళీ డబ్బా ఎక్కించేది, నింపేది, మూత నొక్కి బరువు చూసేది, చివర ర్యాక్‌లో సర్దేది. లైన్‌ని నడిపే కంట్రోలర్ (పీఎల్‌సీ) ఉంది, ఫొటో సెన్సర్లు ఉన్నాయి, ప్రతి స్టేషన్ దగ్గరా ప్యాలెట్‌ని (డబ్బాని మోసే పలకని) ఆపే, గాలి ఒత్తిడితో పనిచేసే న్యూమాటిక్ స్టాపర్ ఉంది. ఏ డబ్బా ఎక్కడుంది, దానికి ఇప్పటిదాకా ఏమేం జరిగింది అన్నది చెప్పే ఏర్పాటు మాత్రం లేదు. దానికోసం ఆర్‌ఎఫ్‌ఐడీ, అంటే చిన్న చిప్ ఉన్న ట్యాగ్‌ని తాకకుండానే రీడర్‌తో చదివే పద్ధతి, పెడదామనుకున్నాం.

డబ్బా అంటున్నానేమిటంటే, మా లైన్ మీద తయారయ్యేది మామిడి పల్ప్ డ్రమ్ము. అసలు డ్రమ్ము కాదు, అరచేతిలో పట్టే రేకు డబ్బా. గుజ్జు బదులు నీళ్లు పోస్తాం. కిట్‌తో పాటు రంగు రంగుల ప్లాస్టిక్ ముక్కలు ఇచ్చారు గానీ, వాటితో చెబితే పాఠం పిల్లలకు అంటదు. మా క్లాసులో చాలామంది బంగారుపాళ్యం, గుడిపాల, పూతలపట్టు వైపు పల్లెల నుంచి వస్తారు. జూన్, జూలై వచ్చిందంటే తోతాపురి లారీలు ఫ్యాక్టరీల ముందు బారులు తీరి నిలబడటం చూస్తూ పెరిగినవాళ్లు. సొంత తోటలున్న ఇళ్ల పిల్లలూ ఉన్నారు. 'ఈ డ్రమ్ములో ఉన్నది ఏ లారీలో వచ్చిన కాయ?' అని అడిగానంటే చాలు, ట్రేసబిలిటీ గురించి అరగంట ఉపన్యాసం అక్కర్లేదు.

ఇప్పుడు విషయానికి వస్తాను. ఒక సప్లయర్ నాలుగు యాంటెన్నాలున్న యూహెచ్‌ఎఫ్ (దూరం నుంచి చదివే రకం) రీడర్ ఒకటి, స్టిక్కర్ ట్యాగుల చుట్ట ఒకటి తెచ్చి డెమో చూపించారు. స్టిక్కర్‌ని చేత్తో పట్టుకుని నిలబడితే గది అవతలి మూల నుంచి కూడా చదివింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. అదే స్టిక్కర్‌ని రేకు డబ్బాకి అంటించగానే రీడర్ నోరు మూసుకుంది. డబ్బాకి కాకుండా అట్టముక్కకి అంటించి ప్యాలెట్ మీద నిలబెడితే చదివింది, కానీ రెండో స్టేషన్ యాంటెన్నాకి ఆ స్టేషన్‌లో ఉన్న ప్యాలెట్‌తో పాటు ర్యాక్‌లో ఉన్నవీ, టేబుల్ మీద పెట్టిన చుట్టలోవీ అన్నీ కనిపించాయి. పవర్ తగ్గిస్తే సరిపోతుందని ఆయన అన్నారు. తగ్గించాక కాసేపు బాగానే ఉంది. పిల్లలు చుట్టూ మూగితే మళ్లీ మారిపోయింది. రీడర్ అట్టపెట్టె మీద 902–928 మెగాహెర్ట్జ్ అని ఉంది.

నా సందేహాలు ఇవి. ఈ యూహెచ్‌ఎఫ్ మాకు తగినదేనా, లేక దగ్గర నుంచి చదివే హెచ్‌ఎఫ్ తీసుకోవాలా? ట్యాగ్‌లో ఒక్క నంబరు ఉంటే చాలా, లేక ఆ డబ్బాకి ఏం చేయాలో ఆ వివరమంతా ట్యాగ్‌లోనే రాయాలా? అన్నింటికన్నా ముఖ్యమైనది, దీంతో పిల్లలకు ఏం ప్రయోగాలు ఇవ్వాలి? 'బీప్ వచ్చింది, స్క్రీన్ మీద నంబరు పడింది' అని రికార్డు రాసి సంతకం పెట్టించుకుని వెళ్లిపోయే ల్యాబ్ నాకు వద్దు. ఈ పిల్లల్లో కొందరైనా రేపు రేణిగుంటలోనో శ్రీసిటీలోనో లైన్ మీద నిలబడతారు. అక్కడ పనికొచ్చేది నేర్పాలి.

డబ్బు సంగతి కూడా చెబుతాను. ఆర్‌ఎఫ్‌ఐడీకి లక్షన్నర మిగిలింది. అది మొత్తం ఖర్చు పెట్టి తీరాలనేమీ లేదు.


జవాబు: ట్రేసబిలిటీ ఇంజనీర్, రేణిగుంట

మేడమ్, మీ లైన్ మీద పల్ప్ డ్రమ్ము పెట్టడం నాకు చాలా నచ్చింది. నేను ఎలక్ట్రానిక్స్ అసెంబ్లీ లైన్‌లో ఇదే పని చూస్తాను. తిరుపతిలో డిప్లొమా చదివే వచ్చాను, కాబట్టి రెండు వైపులా కాస్త తెలుసు.

ముందు ఆ రీడర్‌ని వెనక్కి పంపేయండి. 902–928 అమెరికా బ్యాండ్. మన దేశంలో ఆర్‌ఎఫ్‌ఐడీకి లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చింది 865 నుంచి మొదలయ్యే బ్యాండ్. 2005లో 867 మెగాహెర్ట్జ్ దాకా ఇచ్చారు, 2021లో 868 దాకా పెంచారు. టోల్ గేట్లలో ఫాస్టాగ్ చదివేది కూడా ఇక్కడే. 900 పైన మన దగ్గర మొబైల్ నెట్‌వర్కులు ఉంటాయి, అందులో ల్యాబ్ రీడర్ కూతపెట్టడం చట్టం ఒప్పుకోదు. 'సెట్టింగ్ మారిస్తే ఇండియా బ్యాండ్‌కి వస్తుంది' అని సప్లయర్ అంటే, అదే మాట కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇమ్మనండి. కొన్ని రీడర్లలో నిజంగానే మారుతుంది, కొన్నింట్లో హార్డ్‌వేరే ఆ బ్యాండ్‌కి కట్టి ఉంటుంది.

మీ డెమోలో జరిగిన మూడూ యూహెచ్‌ఎఫ్ స్వభావమే, రీడర్‌లో లోపం కాదు. స్టిక్కర్‌లోని సన్నని అల్యూమినియం గీత ఒక యాంటెన్నా. దాని కొలత 866 మెగాహెర్ట్జ్ దగ్గరి తరంగానికి, అంటే సుమారు 35 సెంటీమీటర్ల పొడవున్న తరంగానికి సరిపోయేలా గాలిలో ఉన్నట్టు లెక్కేసి చేస్తారు. రేకుకి అంటించగానే ఆ లెక్క తప్పిపోతుంది, చిప్‌కి అందాల్సిన కరెంటు అందదు. లోహం మీద పనిచేసే ట్యాగులు వేరే ఉంటాయి. వాటిలో యాంటెన్నాకీ లోహానికీ మధ్య మందమైన పొర ఉంటుంది, ఖరీదు స్టిక్కర్ కన్నా చాలా ఎక్కువ. ఇక నీళ్లు యూహెచ్‌ఎఫ్ తరంగాన్ని తాగేస్తాయి. మనిషి ఒళ్లు కూడా చాలావరకు నీళ్లే. పిల్లలు మూగినప్పుడు రీడింగ్ మారింది అందుకే. లోహపు ర్యాకులు తరంగాన్ని తిప్పికొడతాయి, కాబట్టి పవర్ ఎంత తగ్గించినా ఏదో ఒక మూల నుంచి ఏదో ఒక ట్యాగ్ పలుకుతూనే ఉంటుంది.

స్టేషన్ దగ్గర మనం అడిగే ప్రశ్న 'ఇప్పుడు నా ముందున్నది ఏది?' అని. గోడౌన్ గేటు దగ్గర అడిగేది 'ఇటు దాటినవి ఏవేవి?' అని. మొదటిది చెవిలో చెప్పాల్సిన మాట, రెండోది మైకులో అడగాల్సిన మాట. చెవిలో మాటకి హెచ్‌ఎఫ్ కావాలి, 13.56 మెగాహెర్ట్జ్. అది అయస్కాంత క్షేత్రంతో పనిచేస్తుంది, కొన్ని సెంటీమీటర్లు దాటితే తెగిపోతుంది. ఆ తెగిపోవడమే మనకు కావాల్సింది. పక్క స్టేషన్ ప్యాలెట్ కనిపించనే కనిపించదు. జర్మనీ వాళ్ల ఫిషర్‌టెక్నిక్ ట్రైనింగ్ ఫ్యాక్టరీలో కూడా ఒక్కో ముక్కలో ఎన్‌ఎఫ్‌సీ ట్యాగే ఉంటుంది, అదీ ఈ 13.56 కుటుంబమే. యూహెచ్‌ఎఫ్‌ని పూర్తిగా వదిలేయమని అనను. ఇండియా బ్యాండ్‌లో చిన్న రీడర్ ఒకటి తీసుకుని, లైన్ చివర ర్యాక్ నుంచి డబ్బాలు బయటికి వెళ్లే చోట గేటుగా పెట్టండి. ఒకే ల్యాబ్‌లో రెండూ ఉంటే తేడా పిల్లలకు కళ్లముందే తెలుస్తుంది.

ట్యాగ్‌ని డబ్బాకి అంటించొద్దు, ప్యాలెట్‌కి పెట్టండి. ప్యాలెట్ అల్యూమినియం అయితే మార్చేయండి. పది మిల్లీమీటర్ల యాక్రిలిక్ గానీ నైలాన్ గానీ మీ వర్క్‌షాప్‌లోనే కోసి చేయొచ్చు. అడుగున చిన్న గుంట మిల్లింగ్ చేసి ట్యాగ్ అందులో పెట్టి ఎపాక్సీ పోయండి. అల్యూమినియంతోనే ఉండాలంటే వెనక ఫెరైట్ పొర (లోహం ప్రభావాన్ని అడ్డుకునేది) ఉన్న ట్యాగులు దొరుకుతాయి. రీడర్‌ని కన్వేయర్ ఫ్రేముకి ఆనించి బిగించొద్దు, కొంచెం ఎడం ఉంచండి.

ఇక మీరు ముఖ్యమన్న ప్రశ్న. నా అభిప్రాయంలో ట్యాగ్ చదవడం పాఠమే కాదు. చదవనప్పుడు లైన్ ఏం చేయాలి అన్నది పాఠం. మా షాప్‌ఫ్లోర్‌లో దీన్ని 'నో రీడ్' అంటాం. కొత్తగా చేరిన డిప్లొమా ఇంజనీరు ఎవరైనా మొదటి వారంలోనే దీనికి ఎదురుపడతారు. కాలేజీలో దీని పేరు కూడా విని ఉండరు.

ఒక్కసారి స్టేషన్ 2 దగ్గర నిలబడి చూడండి. ఫొటో సెన్సర్ 'ప్యాలెట్ వచ్చింది' అంటుంది. స్టాపర్ లేస్తుంది. ఆర్‌ఎఫ్‌ఐడీ ఏమీ చెప్పదు. ట్యాగ్ పగిలి ఉండొచ్చు, ప్యాలెట్ తిరగబడి ఉండొచ్చు, రీడర్ కేబుల్ ఊడి ఉండొచ్చు. ఇప్పుడు పీఎల్‌సీ ఏం చేయాలి? పిల్లలు రాసే మొదటి ప్రోగ్రాము దాదాపు ఎప్పుడూ ఒకటే చేస్తుంది: 'ముందు వెళ్లింది 7, కాబట్టి ఇది 8' అని అనుకుని నింపేస్తుంది. అక్కడి నుంచి డేటాబేస్ అబద్ధం చెప్పడం మొదలవుతుంది. స్క్రీన్ మీద ఎర్ర దీపం వెలగదు, అన్నీ పచ్చగానే ఉంటాయి. ఒక డబ్బా రెండుసార్లు నిండుతుంది, ఒకటి ఖాళీగా ప్యాక్ అవుతుంది, అయినా రిపోర్టులో అన్నీ సరిగ్గానే ఉన్నట్టు కనిపిస్తుంది.

దీనికి తిరగబడిన కేసు కూడా ఉంది. ట్యాగ్ చదివింది, కానీ ఫొటో సెన్సర్ దగ్గర ఏమీ లేదు. ఎవరో ప్యాలెట్ చేత్తో పట్టుకుని రీడర్ పక్కనుంచి వెళ్లారు. ఆ రీడింగ్‌ని నమ్మితే రాని ప్యాలెట్‌కి పని జరిగినట్టు రికార్డు అవుతుంది. కాబట్టి నియమం ఒకటే పెట్టుకోండి: సెన్సర్, ట్యాగ్ రెండూ ఒప్పుకుంటేనే పని మొదలు. ఒకటి ఒప్పుకోకపోతే మళ్లీ మళ్లీ ప్రయత్నించి, అప్పటికీ కాకపోతే ఆ ప్యాలెట్‌ని పక్క లేన్‌లోకి తోసేసి, 'ఇది ఎవరో మాకు తెలియదు' అని రికార్డులో రాయాలి. ఊహించి నంబరు వేయకూడదు. పక్క లేన్ లేకపోతే స్టాపర్ దగ్గరే ఆపి దీపం వెలిగించి మనిషిని పిలవాలి.

ప్రయోగంగా ఇవ్వాలంటే, ట్యాగ్ లేని ప్యాలెట్ ఒకటి, ఒకే నంబరు రాసిన ప్యాలెట్లు రెండు, రీడర్‌కి అందకుండా ఒక మూలకి బిగించిన ట్యాగ్ ఉన్నది ఒకటి తయారుచేసి, పిల్లలకు చెప్పకుండా మిగతావాటిలో కలిపేయండి. ప్రోగ్రాము రాసిన జట్టు కాకుండా వేరే జట్టు వాటిని లైన్ మీద వేయాలి. చివర ర్యాక్‌లో ఉన్న డబ్బాలను చేత్తో లెక్కపెట్టి, బరువు తూచి, డేటాబేస్‌తో పోల్చాలి. రెండూ సరిపోతేనే మార్కులు. బీప్‌కి మార్కులు వద్దు.


జవాబు: ఎలక్ట్రానిక్స్ ల్యాబ్, తిరుపతి

పైన సార్ చెప్పినదానికి హార్డ్‌వేర్ వైపు నుంచి కొంచెం కలుపుతాను. మీకు స్టేషన్ల దగ్గర పెట్టడానికి ఇండస్ట్రియల్ హెచ్‌ఎఫ్ హెడ్డులు (ఫ్యాక్టరీ రకం రీడర్లు) నాలుగు కొనాల్సిన పని లేదు మేడమ్. ఒకటి కొనండి, పిల్లలు అసలు ఫ్యాక్టరీలో ఉండేది చూడాలి కాబట్టి. మిగతా మూడు స్టేషన్లకి ఈఎస్‌పీ32 బోర్డూ (వైఫై ఉన్న చిన్న కంట్రోలర్), చిన్న హెచ్‌ఎఫ్ మాడ్యూలూ పెట్టి సొంతంగా కట్టించండి. అదంతా కొన్ని వేలల్లో అయిపోతుంది.

అందరూ వాడే ఆర్‌సీ522 మాడ్యూల్ వందా రెండొందల్లో వస్తుంది. అది ఐఎస్ఓ 14443ఏ రకం కార్డులే చదువుతుంది, అంటే మైఫేర్ లాంటివి. ఫ్యాక్టరీల్లో ఎక్కువగా కనిపించే ఐఎస్ఓ 15693 ట్యాగుల్ని అది గుర్తించదు. వాటికి పీఎన్5180 మాడ్యూల్ తీసుకోండి, దూరం కూడా కాస్త ఎక్కువ వస్తుంది. ఇండస్ట్రియల్ హెడ్డు కొనేటప్పుడు అదే 15693 చదివేది చూసుకుంటే ఒకే ట్యాగ్‌ని నాలుగు స్టేషన్లూ చదువుతాయి. ఇది కొనేముందే తేల్చుకోవాలి. లేకపోతే సగం స్టేషన్లకి ఒక రకం ట్యాగ్, సగానికి ఇంకో రకం అవుతుంది.

వైరింగ్ గురించి ఒక మాట. ఈ మాడ్యూళ్లు ఎస్‌పీఐ (దగ్గర దగ్గరి చిప్పుల మధ్య వాడే తీగల పద్ధతి) మీద మాట్లాడతాయి. ఒకే బోర్డు మధ్యలో పెట్టి నాలుగు స్టేషన్లకీ మీటర్ల కొద్దీ తీగలు లాగితే పనిచేయవు. పక్కనే మోటారు తిరుగుతుంటే ఇంకా కష్టం. ప్రతి స్టేషన్‌కీ ఒక ఈఎస్‌పీ32 పెట్టి, మాడ్యూల్‌కీ బోర్డుకీ మధ్య తీగ జానెడుకి మించకుండా చూసుకోండి. అక్కడి నుంచి వైఫైలో ఎంక్యూటీటీ (చిన్న సందేశాలు పంపే పద్ధతి) ద్వారా ఒక కంప్యూటర్‌కి పంపండి. ల్యాబ్‌కి సొంత రౌటర్ ఉండాలి. కాలేజీ వైఫై మీద ఆధారపడొద్దు.

టైమింగ్ మీద పిల్లలచేత తప్పకుండా లెక్క చేయించండి. బెల్టు సెకనుకి 10 సెంటీమీటర్లు కదులుతోందనుకుందాం. రీడర్ చూడగలిగే మేర 4 సెంటీమీటర్లు. అంటే ట్యాగ్ దాని ముందు ఉండేది 0.4 సెకను. ఇంటర్నెట్‌లో దొరికే నమూనా ప్రోగ్రాములు చాలావాటిలో లూప్ చివర 1000 మిల్లీసెకన్ల డిలే ఉంటుంది. ఆ ఒక్క సెకనులో ప్యాలెట్ వచ్చి వెళ్లిపోతుంది. పిల్లలు రీడర్ పాడైందంటారు. మీకు స్టాపర్లు ఉన్నాయి కాబట్టి ఆపి చదవొచ్చు, కానీ ముందు ఆపకుండా చదివించి చూడండి. ఏ వేగం దాకా చదువుతోంది, ఎక్కడి నుంచి తప్పిపోతోంది అన్నది వాళ్లే గ్రాఫ్ గీస్తారు. నంబరు చదవడం కన్నా ట్యాగ్‌లోకి రాయడానికి ఎక్కువ సమయం పడుతుందన్నది కూడా ఆ గ్రాఫ్‌లోనే బయటపడుతుంది.

మైఫేర్ కార్డులతో మొదలుపెట్టేట్టయితే ఒక జాగ్రత్త. మైఫేర్ క్లాసిక్ 1కేలో 16 సెక్టార్లు, సెక్టారుకి నాలుగు బ్లాకులు. నాలుగో బ్లాకులో తాళంచెవులూ, ఎవరు చదవొచ్చు ఎవరు రాయొచ్చు అన్న అనుమతులూ ఉంటాయి. అందులో తెలియక ఏదో రాస్తే ఆ సెక్టారు ఇక తెరుచుకోకపోవచ్చు. ప్రోగ్రాములో ఆ బ్లాకులకి రాయకుండా ముందే అడ్డు పెట్టండి.

ఇంకొకటి, ప్రతి బోర్డుకీ సొంత గడియారం ఉంటుంది. వాటిని కలపకపోతే స్టేషన్ 3లో పని స్టేషన్ 2 కన్నా ముందు జరిగినట్టు రికార్డు అవుతుంది. సమయం వేసే పని ఒక్క కంప్యూటర్‌కే ఇవ్వండి, లేదా బోర్డులన్నింటికీ ఒకే సర్వర్ నుంచి సమయం పంపండి. రికార్డు టేబుల్ ఎలా ఉండాలో పిల్లలు అడిగితే, బార్‌కోడు ప్రమాణాలు చేసే జీఎస్1 సంస్థ వాళ్ల ఈపీసీఐఎస్ పద్ధతి చూపించండి. ప్రతి సంఘటనకీ ఏది, ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు అన్న నాలుగూ రాయమంటుంది. చాలా ప్రాజెక్టుల్లో మొదటి మూడే ఉంటాయి. 'ఎందుకు' లేకపోతే ఆ డబ్బా నింపడానికి వచ్చిందో, తిరస్కరిస్తే వెనక్కి వచ్చిందో తర్వాత ఎవరూ చెప్పలేరు.


జవాబు: పల్ప్ ఫ్యాక్టరీ క్వాలిటీ, బంగారుపాళ్యం

మేడమ్, మా పనినే పాఠంగా పెట్టారని చదివి సంతోషం వేసింది. అందుకే రాస్తున్నాను. ఆర్‌ఎఫ్‌ఐడీ గురించి పైవాళ్లకి తెలిసినంత నాకు తెలియదు గానీ, 'ఈ డ్రమ్ములో ఉన్నది ఏ లారీ కాయ?' అన్న ప్రశ్నకి జవాబు మీ పిల్లలు అనుకునేంత నేరుగా ఉండదు. దాన్ని పాఠంలోకి తేవాలని నా కోరిక.

లారీ వస్తుంది, తూకం అవుతుంది, కాయని మాగబెడతాం. ఒక లారీ కాయ అంతా ఒకేరోజు పండదు. పండినదాన్ని ఏరి కడిగి, టెంక తీసి, గుజ్జు చేసి ట్యాంకులో పోస్తాం. తీపి, పులుపు, రంగు కొనేవాళ్లు అడిగినట్టు రావడానికి ట్యాంకులో కలుపుతాం కూడా. తర్వాత వేడిచేసి, చల్లార్చి, క్రిములు లేని సంచిలోకి నింపి ఆ సంచిని స్టీలు డ్రమ్ములో పెడతాం. కాబట్టి ఒక డ్రమ్ములో నాలుగైదు లారీల కాయ ఉండొచ్చు, ఒక లారీ కాయ ఎన్నో డ్రమ్ముల్లోకి వెళ్లి ఉండొచ్చు. డ్రమ్ముకి ఎంత మంచి ట్యాగ్ పెట్టినా, ట్యాంకు దగ్గర ఏ లాటు ఎప్పుడు పోశారో రాసి ఉండకపోతే ఆ ట్యాగ్ ట్యాంకు దాకానే చెబుతుంది, అంతకు వెనక్కి పోలేదు.

మీ నింపే స్టేషన్‌లో నీళ్లు ఒకే పాత్ర నుంచి వస్తుంటే దాన్ని మార్చండి. రెండు మూడు చిన్న పాత్రల్లో రంగు నీళ్లు పెట్టి, ఒక్కో రంగుని ఒక్కో లారీ అనుకోండి. వాటిని మధ్యలో ఒక పాత్రలో కలపనివ్వండి. తర్వాత 'ఎర్ర లారీ కాయలో తేడా ఉందని తేలింది, ఏయే డబ్బాలు వెనక్కి తెప్పించాలి?' అని అడగండి. ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2017లో ఫుడ్ రీకాల్ నిబంధనలు తెచ్చింది. సరుకు వెనక్కి తెప్పించాల్సి వస్తే ఎలా చేస్తామన్న ప్లాను మేం రాసి పెట్టుకోవాలి. ఆడిట్‌కి వచ్చినవాళ్లు ఒక డ్రమ్ము నంబరు చెప్పి, దాని వెనక చరిత్ర తీయమంటారు. అప్పుడు మాకు ఉండే టెన్షన్ ఎలాంటిదో మీ పిల్లలకు ల్యాబ్‌లోనే తెలిస్తే మంచిది. తక్కువ డబ్బాలు తెప్పిస్తే జనం ఆరోగ్యానికి ప్రమాదం, అనుమానంతో అన్నీ తెప్పిస్తే ఫ్యాక్టరీకి నష్టం. పిల్లల రికార్డు బాగుంటే తెప్పించాల్సిన డబ్బాలు తగ్గుతాయి. ఆ తగ్గిన సంఖ్యే వాళ్ల మార్కు.

ఇంకొక మాట, బార్‌కోడుని చిన్నచూపు చూడొద్దు. డ్రమ్ములు ఒక్కొక్కటీ ఫోర్క్‌లిఫ్ట్ మీద కదిలే చోట, మనిషి ఎలాగూ పక్కనే ఉంటాడు కాబట్టి, స్కానర్‌తో కోడ్ చదివితే సరిపోతుంది. లేబుల్ తడిసినా, చినిగినా, గుజ్జు పడినా చదవదు, అది దాని ఇబ్బంది. ఒకే లైన్‌లో కొన్ని డబ్బాలకి క్యూఆర్ కోడ్, కొన్నింటికి ట్యాగ్ పెట్టి, లేబుళ్ల మీద నీళ్లు చల్లి చూపించండి. ఎక్కడ ఏది చాలో వాళ్లే తేల్చుకుంటారు.


అడిగినవారు: మెకానికల్ లెక్చరర్, చిత్తూరు

ముగ్గురికీ ఎంతో కృతజ్ఞతలు. ఇంత వివరంగా రాస్తారని అనుకోలేదు. స్టేషన్లకి 15693 హెచ్‌ఎఫ్, ర్యాక్ గేటుకి ఇండియా బ్యాండ్ యూహెచ్‌ఎఫ్ ఒకటి అని ప్రిన్సిపాల్ గారికి నోట్ పెడుతున్నాను. ప్యాలెట్లు మా వర్క్‌షాప్‌లోనే యాక్రిలిక్‌తో చేయిస్తాను, సెకండియర్ పిల్లలకు మిల్లింగ్ ప్రాక్టీసూ అవుతుంది. రంగు నీళ్ల ఆలోచన చదువుతూనే వెంటనే పెట్టేయాలనిపించింది. కలిసిన రంగు చూస్తే ఏ లారీలు కలిశాయో కంటికే తెలుస్తుంది, రికార్డు నిజం చెబుతోందో లేదో అక్కడే సరిచూసుకోవచ్చు. అది ఏ సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్‌లోనూ దొరకదు.

ఒక్కటి మిగిలింది. ట్యాగ్‌లో నంబరు ఒక్కటే ఉంచాలా, డబ్బా చరిత్ర కూడా రాయాలా? మా సహోద్యోగి ఒకాయన 'అన్నీ సర్వర్‌లో ఉంటాయి కదా, ట్యాగ్‌లో రాయడం అనవసరం' అంటున్నారు. ఆ మాటా సబబుగానే ఉంది.


జవాబు: ట్రేసబిలిటీ ఇంజనీర్, రేణిగుంట

మేడమ్, నెట్‌వర్క్ ఎప్పుడూ ఉండే చోట ఆయన మాటే సరి. యూహెచ్‌ఎఫ్ గేటుకి నంబరు చాలు. యూహెచ్‌ఎఫ్ ట్యాగ్‌లో ఉండే గుర్తింపు నంబరు (ఈపీసీ) మామూలుగా 96 బిట్లు, అంతకన్నా అక్కడ ఏమీ అవసరం లేదు. స్టేషన్ల దగ్గర మాత్రం కొంచెం రాయమంటాను. పెద్ద చరిత్ర కాదు. 15693లో ఐకోడ్ స్లిక్స్ లాంటి ట్యాగ్‌లో మనం వాడుకోవడానికి 112 బైట్లే ఉంటాయి, కాబట్టి ఏం రాయాలి, ఏం వదలాలి అని పిల్లలు ఆలోచించాల్సిందే. పూర్తయిన చివరి స్టేషన్, ఏ బ్యాచ్, నింపాల్సిన బరువు ఎంత, ఈ మూడూ చాలు.

ఎందుకో చూపించడానికి ఒక ప్రయోగం చెబుతాను. నాలుగు ప్యాలెట్లు బెల్టు మీద తిరుగుతుండగా మెయిన్ స్విచ్ ఆపేయండి. మన దగ్గర కరెంటు పోవడం కొత్త కాదు కాబట్టి ఇది కల్పించిన సమస్య కూడా కాదు. చీకట్లో రెండు ప్యాలెట్ల చోటు మార్చండి, ఒకదాన్ని బెల్టు మీద నుంచి తీసేయండి. సర్వర్ కంప్యూటర్ నెట్‌వర్క్ తీగ కూడా పీకేయండి. తర్వాత కరెంటు ఇవ్వండి.

నంబరు మాత్రమే ఉన్న లైన్ అక్కడ ఆగిపోతుంది. సర్వర్ లేనిదే ఏ డబ్బా నిండిందో, ఏది నిండలేదో దానికి తెలియదు. ట్యాగ్‌లో చివరి స్టేషన్ రాసిన లైన్ మాత్రం, ప్యాలెట్ ఏ స్టాపర్ దగ్గరికి వస్తే అక్కడ దాన్నే అడిగి పని కొనసాగిస్తుంది. తీసేసిన ప్యాలెట్ లేదన్నది మాత్రం ట్యాగులు చెప్పలేవు. అది సర్వర్ తిరిగి వచ్చాక, ఉండాల్సిన జాబితాతో పోల్చినప్పుడే తెలుస్తుంది. రెండు చోట్లా రాసుకోవడం ఎందుకో పిల్లలకు అక్కడ తేలిపోతుంది.

ఒక చిక్కు ఉంది, దాన్ని కూడా వాళ్లకే వదలండి. నింపడం అయ్యాక ట్యాగ్‌లో రాస్తుండగా కరెంటు పోతే, డబ్బా నిండి ఉంటుంది, ట్యాగ్ మాత్రం నిండలేదంటుంది. కరెంటు వచ్చాక లైన్ మళ్లీ నింపుతుంది, నీళ్లు పొర్లుతాయి. నింపే ముందు బరువు చూడాలంటారా, 'మొదలుపెట్టాను' అని ముందే ఒక గుర్తు రాసి తర్వాత 'అయిపోయింది' అని రాయాలంటారా, రెండూనా అన్నది జట్లు వాదించుకోనివ్వండి. మీ మూడో స్టేషన్‌లో బరువు చూసే సెన్సర్ ఉంది కాబట్టి ఎవరి వాదన నిలుస్తుందో అక్కడే తూచి చూసుకోవచ్చు.

ప్యాలెట్లకి ట్యాగ్ గుంట కోసేటప్పుడు నాలుగు అంచులకీ సమాన దూరంలో, సరిగ్గా నడిమధ్యలో కోయించండి. ప్యాలెట్ అడుగు కిందనే ఉంటే, దాన్ని ఎటు తిప్పి పెట్టినా రీడర్‌కి అందుతుంది.